మా మేనత్త ప్రార్థన, నా కాలేజీ జీతం

ఆ రోజుల్లో రైల్లో కూర్చున్నవాడికి రాష్ట్రం ఎక్కడ మారుతుందో తెలిసేది కాదు. సూళ్లూరుపేటలో ఎక్కి, తడ దాటి, ఆరంబాకంలో దిగితే అదే ఉప్పుగాలి, అవే సరుగుడు తోటలు, వేరుశనక్కాయలు అమ్మే మనిషి నోట అదే తెలుగు. అంతకు కొన్నేళ్ళ ముందు దాకా అంతా ఒకటే రాష్ట్రం, మద్రాసే మాకు పట్నం. విడిపోయాం అని పెద్దవాళ్ళు చెబితే, సరే కాబోలని తలూపి మళ్ళీ ఆ పట్నానికే రైలెక్కేవాళ్ళం. ఆ సరిహద్దు నిజంగా ఎక్కడుందో నాకు పద్దెనిమిదో ఏట తెలిసింది. మద్రాసు సర్కారు కాలేజీలో జీతాలు కట్టించుకునే కిటికీ దగ్గర ఉంది. (ఫీజును అప్పట్లో జీతం అనేవాళ్ళం. చదువుకునేవాడు ఎదురు జీతం ఇచ్చుకోవడమేమిటని మా మేనత్తకు ఎప్పుడూ ఆశ్చర్యమే.)

నేను చదవదలచుకున్నది జంతుశాస్త్రం. సముద్రపు జీవుల గురించి బాగా చెప్పేవాళ్ళు ఆ కాలేజీలోనే ఉన్నారని మా సైన్సు అయ్యవారు నా చెవిలో ఊదాడు, అది అక్కడే ఉండిపోయింది. మా మామ, అంటే మేనత్త భర్త, పులికాటు సరస్సులో పడవ నడిపే మనిషి. మాటలు చాలా తక్కువ. ఆయన కూడా ఈ సంగతి విని ఒక మాటన్నాడు: "చేపల్ని చదవడానికి మద్రాసు పోవాల్నా? ఈ నీళ్ళలో దిగు, అవే వచ్చి చెప్తాయి." నేను వినలేదు. దరఖాస్తు పెట్టాను, సీటొచ్చింది. సీటుతో పాటు ఇంకో కబురూ వచ్చింది. ఆ రాష్ట్రం పిల్లలకు ఒక జీతం, పరాయి రాష్ట్రం పిల్లలకు రెట్టింపు.

మా నాన్న సూళ్లూరుపేటలో బట్టలు కుట్టేవాడు. రెట్టింపు అనే మాట వినగానే మిషను తొక్కడం ఆపాడు. మామూలు జీతమైతే ఎలాగో కుట్టి కట్టగలనని, రెట్టింపైతే ఊరంతా రోజుకో చొక్కా కుట్టించుకున్నా చాలదని ఆయన లెక్క. రెండు రోజులు ఆలోచించి మూడో రోజు చర్చి నుంచి వస్తూ (చర్చి నుంచి వస్తూనే సుమా!) ఒక ఉపాయం చెప్పాడు. మా మేనత్త, అంటే ఆయన అక్క, ఉండేది ఆరంబాకం పక్క పల్లెలో. అది మద్రాసు రాష్ట్రం. నేను చాలాకాలంగా అక్కడే ఉంటున్నానని అక్కడి రెవిన్యూ ఇన్‌స్పెక్టరు ఒక సంతకం పెడితే చాలు, నేను ఆ రాష్ట్రం పిల్లవాణ్ణి.

"అబద్ధం గదా నాయనా," అన్నాను.

"అబద్ధం కాదురా. కొంచెం ముందుగా చెప్పే నిజం. రేపట్నించీ పోయి ఉండవా యేంది?" అన్నాడు మా నాన్న. దీనికి బైబిల్లో ఏ వచనం ఆధారమని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.

మా అత్త ఒప్పుకుంది గాని ఒక షరతు పెట్టింది. "నా తమ్ముడి బిడ్డ కోసరం ఏమైనా చేస్తా. అబద్ధం మాత్రం నా నోట రాదు. ఆ అయ్య వచ్చినంతసేపూ నేను నోరు తెరవను. అడిగిందానికి మీ మామ చెప్తాడు." ఏడాదికి పది వాక్యాలు మాట్లాడే మామ మీద ఆ భారం పడింది. ఆయన దిగులుగా పడవ వైపు చూశాడు.

ఇన్‌స్పెక్టరు వస్తాడన్న రోజు పొద్దుటి రైల్లోనే నేను వెళ్ళాను. ముందురోజే వెళ్ళి ఉండాల్సింది గాని, మా నాన్న నాకు కొత్త చొక్కా కుట్టడం పూర్తికాలేదు. సొంతింట్లో ఉండే కుర్రాడు ఇస్త్రీ చొక్కాతో కూర్చోడని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. గుమ్మంలోకి రాగానే అత్త కాళ్ళకు నీళ్ళిచ్చింది, కొత్త చాప పరిచింది, మజ్జిగ ఇచ్చింది. మా మరదలు, అత్త కూతురు, వరసైనవాణ్ణి కాబట్టి తలుపు చాటుకు పోయి అక్కణ్ణుంచి నన్ను చూసింది. ఇంట్లోవాడి వేషం వేయడానికి వచ్చినవాడికి ఇంతకంటే ఘనమైన చుట్టం మర్యాద ఎవరూ చేసి ఉండరు.

ఇన్‌స్పెక్టరు గారు మధ్యాహ్నం ఎండలో సైకిలు మీద వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, మెత్తటి మాట. ఆ సరిహద్దు పల్లెల్లో తిరిగి తిరిగి మా యాసే ఆయనకూ పట్టింది. "ఈ అబ్బాయి ఇక్కడే ఉంటాడా?" అని అడిగాడు. మామ "ఊఁ" అన్నాడు. "ఎప్పట్నించి?" అంటే "ఆఁ" అన్నాడు. "ఏం చేస్తుంటాడు?" అంటే చాలా సేపు ఆలోచించి, "ఉంటాడు" అన్నాడు. అత్త పెదవులు బిగించి వంటింటి గడప దగ్గర నిలబడింది. పరీక్ష ఇంత తేలిగ్గా గట్టెక్కుతుందని నేను అనుకోలేదు. ఆయన సంచీలోంచి పెన్ను కూడా తీశాడు.

అప్పుడు వంటింట్లోంచి పులుసు వాసన వచ్చింది. మామిడికాయ వేసిన మడవ చేపల పులుసు. అది మా అత్త చెయ్యి. అంత ఎండలో అన్నం వేళకు గడపలో ఉన్న మనిషిని తినకుండా పంపడం మా వైపు జరిగే పని కాదు. ఇన్‌స్పెక్టరు గారూ ఎక్కువ బెట్టు చెయ్యలేదు. "సంతకం ఎక్కడికి పోతాదిలే, తిన్నాక పెడతా," అని పెన్ను జేబులో పెట్టి కంచం ముందు కూర్చున్నాడు.

మా వాళ్ళలో ప్రార్థన కాకుండా ముద్ద ముట్టరు. ఆ ఇంట్లో ప్రార్థన అత్తది. ఇంటికొచ్చిన చుట్టాల్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి తలుచుకుని, వాళ్ళను తెచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పడం ఆమె పద్ధతి. ఇంట్లోవాళ్ళ పేర్లు చెప్పేది కాదు, వాళ్ళను దేవుడు రోజూ చూస్తూనే ఉన్నాడు కదా. అందరం కళ్ళు మూసుకున్నాం. అత్త కొంగు తల మీదికి లాక్కుని, పొద్దుటి నుంచి బిగబట్టిన నోరు తెరిచింది.

"పరలోకమందున్న మా తండ్రీ, నీకు స్తోత్రం. మా తమ్ముడి బిడ్డను ఈ పొద్దున సూళ్లూరుపేట నుంచి రైల్లో చల్లంగా తెచ్చి మా గడపలో నిలిపినావు, నీకు వందనాలు తండ్రీ. పోయిన క్రిస్మస్‌కు చూసిన మొహం, మళ్ళా ఇప్పటికి చూపించినావు..."

మామ తన జీవితంలో మొదటిసారి గట్టిగా మాట్లాడాడు. "ఆమెన్!" అన్నాడు, ప్రార్థన అక్కడితో తెగుతుందని. తెగలేదు. అత్తకు అది ప్రోత్సాహంలా వినబడింది. గొంతు పెంచింది.

"...వాడికి ఈ ఇంట్లో నీళ్ళకుండ యాడుందో కూడా తెలవదు ప్రభువా, అయినా నీ చిత్తమైతే ఈ రాష్ట్రం బిడ్డ కాగలడు. రెట్టింపు జీతం మా తమ్ముడు కట్టలేడని నీకు ఎరికే. ఎండన పడి వచ్చిన ఈ అయ్య మనసు మెత్తన చెయ్యి, ఆయన చేత సంతకం పెట్టించు, ఆయన సైకిల్ని కాపాడు..."

నేను ఒక కన్ను తెరిచి చూశాను. ఇన్‌స్పెక్టరు గారు రెండు కళ్ళూ తెరిచి నన్నే చూస్తున్నాడు. నేను తెరిచిన ఆ ఒక్క కన్నూ మూసేశాను.

ఆమెన్ అయ్యాక ఆయన తృప్తిగా తిన్నాడు, రెండోసారి పులుసు అడిగి వేయించుకున్నాడు. మామ చెయ్యి కంచంలో ఆడలేదు. అత్త ఒక్కతే ప్రశాంతంగా వడ్డించింది, జరిగిందేమిటో ఆమెకు తెలియనే లేదు. చెయ్యి కడుక్కుంటూ ఆయన అన్నాడు: "అమ్మా, పులుసు బాగుండాది. సంతకం మాత్రం పెట్టలేను."

"ఎందుకయ్యా? నేను మీతో ఒక్క మాట కూడా చెప్పలేదే! ప్రభువుతో గదా చెప్పుకున్నా!" అంది అత్త.

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "ఆ కాలేజీ నడిచేది ఇక్కడి రైతులు కట్టే శిస్తుతో తల్లీ. వాళ్ళ బిడ్డలకు తగ్గించి, పక్క రాష్ట్రం బిడ్డల దగ్గిర ఎక్కువ తీసుకుంటే తప్పని నేనెట్టా అనేది?"

"తప్పని నేనూ అనలా," అంది అత్త. "మా నాయన బతికినన్నాళ్ళూ శిస్తు కట్టింది యాడికి? ఆ మద్రాసుకే గదా? ఆ కాలేజీ గోడలో ఆయన ఇటిక ఒకటన్నా ఉండదా?"

ఆయన చెంబు కింద పెట్టి, "ఉంటాదమ్మా, తప్పకుండా ఉంటాది. కానీ ఇటికను చూసి సంతకం పెట్టమని నాకు చెప్పలేదు. మనిషి ఇక్కడ ఉండాడా లేదా అని చూడమన్నారు. అందుకని ఒక పని చెయ్యండి. వీణ్ణి ఉండమనండి. నిజంగానే ఉండమనండి. వచ్చే వేసవికి నేనే వస్తా," అని సైకిలెక్కాడు.

అలా నా సీటు ఆ ఏడు పోయింది. నేను ఏడ్చాను, దాచడమెందుకు. సూళ్లూరుపేట తిరిగి వెళ్ళి నాన్న మొహం చూడలేక అత్త ఇంట్లోనే ఉండిపోయాను. మొదటి వారం అత్త నన్ను చుట్టంగానే చూసింది. పీట, వేణ్ణీళ్ళు, చేపలో నడిముక్క. నెల తిరిగేసరికి నడిముక్క మామకు పోయి నాకు తోకముక్క వచ్చింది. తర్వాత "ఒరే, కుండలో నీళ్ళు ఎవుడు తెస్తాడు, మీ తాతా?" అనే కేక వచ్చింది. తలుపు చాటు మరదలు బయటికొచ్చి నా దువ్వెన తీసుకుని తిరిగి ఇవ్వడం మానేసింది, నేను ఆమె మీద అత్తకు చాడీలు చెప్పడం మొదలుపెట్టాను. (పాఠకులు ఇంకోలా ఊహించుకోకండి. ఒకే దువ్వెన కోసం అంతకాలం కొట్లాడుకున్నాక మా ఇద్దరికీ పెళ్ళి ఆలోచన రాలేదు. ఆమె తర్వాత గూడూరు వైపు ఒక మంచి బడిపంతుల్ని చేసుకుంది.) పొద్దున మామతో పడవలో పోయేవాణ్ణి, సాయంత్రం చర్చి వసారాలో పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. తిట్లు తిని అన్నం తిని నిద్రపోయేవాణ్ణి. ఎప్పుడో తెలియదు గాని, సీటు పోయిన దిగులు మానిపోయింది.

మళ్ళీ వేసవిలో ఇన్‌స్పెక్టరు గారు మాట నిలబెట్టుకున్నాడు. ఆయన వచ్చేసరికి నేను ఇంటి వెనక, చిరిగిన బనీనుతో వల ఆరేస్తున్నాను. "అది ఎండ తగిలేచోట ఆరెయ్యమంటే నీ చెవుల్లో ఏం పెట్టుకున్నావురా!" అని అత్త కేకేస్తోంది. ఆయన వచ్చాడని చూసి కూడా ఆ కేక పూర్తి చేశాకే ఆయనకు పీట వేసింది. ఆయన మామను ఏమీ అడగలేదు. ఈసారి అన్నం మాటా ఆయనే ఎత్తాడు.

అందరం కూర్చున్నాం. అత్త కొంగు తల మీదికి లాక్కుంది. ఆ సంతకం ఈసారీ తప్పిపోతే నాకిక చదువు లేదు, మిషనో పడవో ఏదో ఒకటి తొక్కుకోవడమో తోసుకోవడమో. అత్త వాన కోసం ప్రార్థించింది, ఈనబోయే గేదె కోసం ప్రార్థించింది. ఇన్‌స్పెక్టరు గారిని మళ్ళీ తమ ఇంటికి తెచ్చినందుకు, ఆయన సైకిలుతో సహా, స్తోత్రం చెల్లించింది. ఆమెన్ అంది. నా ఊసే ఎత్తలేదు. నాకు నిజంగా కోపం వచ్చింది. సంవత్సరం నీళ్ళు మోసినవాణ్ణి, గేదెపాటి చెయ్యనా?

ఇన్‌స్పెక్టరు గారు ముద్ద కలపకుండానే పెన్ను తీశాడు. "పోయినేడు వీడి గురించి అంత ప్రార్థన చేసినావు, ఈసారి వీణ్ణి మర్చేపోయినావే తల్లీ," అన్నాడు.

"వాడెందుకయ్యా? వాడు ఇంట్లోవాడే గదా!" అంది అత్త, పులుసు గరిటె పట్టుకుని.

ఆయన సంతకం పెట్టాడు.

ఆ చదువే నాకు ఉద్యోగమిచ్చింది, అన్నమిచ్చింది. తల నెరిశాక ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకుంటున్నప్పుడు నన్నొక కమిటీలో వేశారు. పరాయి రాష్ట్రాల విద్యార్థుల దగ్గర ఎక్కువ ఫీజు తీసుకోవాలా వద్దా అన్నది విషయం. ఒకాయన మన ప్రజల పన్నులన్నాడు, ఇంకొకాయన దేశమంతా ఒకటే కదా అన్నాడు. ఇద్దరి మాటా న్యాయమే అనిపించింది నాకు, చిన్నప్పుడు రెండూ విన్నవాణ్ణి. తీసుకుంటే తీసుకోండి, కానీ వచ్చి మన మధ్య ఉండాలనుకునేవాడు మనవాడయ్యే దారి ఒకటి మూసెయ్యకండి అన్నాను. "ఎన్నాళ్ళుంటే మనవాడైనట్టండీ?" అని అడిగాడు అధ్యక్షుడు. "ఇంట్లో తిట్లు మొదలయ్యేదాకా," అన్నాను. అందరూ నవ్వి, దాన్ని రాసుకోకుండా కాఫీకి లేచారు.

మా అత్త లేదు ఇప్పుడు. ఇన్‌స్పెక్టరు గారూ ఉండి ఉండరు. ఆయనకు నేను చెప్పుకోవలసిన కృతజ్ఞత ఆ సంతకం పెట్టినందుకు కాదు, మొదటిసారి పెట్టనని చెప్పినందుకు. మొదటి రోజే పెట్టి ఉంటే చదువు ఒక ఏడాది ముందొచ్చేది, అత్త మాత్రం ఎప్పటికీ నాకు కాళ్ళకు నీళ్ళిచ్చే చుట్టంగానే మిగిలిపోయేది. ఈ వయసులో కూడా ఎవరింటికైనా వెళ్తే మర్యాదలకు ఇబ్బందిగా కదులుతుంటాను. ఆ ఇంటావిడ కాస్త విసుక్కుంటే చాలు, హమ్మయ్య అని గోడకు చేరగిలబడతాను. ఈ సంగతి మా ఆవిడకు చెబితే, "అయితే మనింట్లో మీ సుఖానికి ఏ లోటూ లేదన్నమాట," అని, ఇంకా లేవనందుకు నాలుగు చివాట్లు పెట్టి, కూరగాయల సంచీ చేతికిచ్చింది.