సుగుణక్క ముళ్ల మొక్క

కుళ్లిన దోసకాయ వాసన వేస్తుంటే వెతుక్కుంటూ కుండీల దగ్గరికి వెళ్లాను. ముళ్ల మొక్క మొదలు దగ్గర నొక్కితే వేలు లోపలికి దిగబడింది. అది సుగుణక్క మొక్క. హనుమకొండలో ఆమె కుట్టు దుకాణం కిటికీలో ఏళ్ల తరబడి బతికింది. ఆమె పోయాక కూతురు లత దాన్ని నా చేతిలో పెట్టింది. ఏడాది తిరగకముందే నేను దాని ప్రాణం తీస్తున్నాను. తులసి పక్కన పెట్టి, రోజూ స్నానం కాగానే తులసికో చెంబు, దీనికో చెంబు పోశాను మరి! అక్క మీద ప్రేమ అలా చూపిస్తున్నాననుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో!

పైగా లత పరకాల నుంచి ఫోన్ చేసింది. "వచ్చే వారం పనిమీద వస్త చిన్నమ్మా, అమ్మ మొక్కను సూసిపోత" అంది. నర్సరీలో అచ్చం అలాంటిదే ఉంది. కొని పెడితే ఎవరికి తెలుస్తుంది? సిగ్గు లేకుండా రెండు రోజులు ఇదే ఆలోచించాను.

సుగుణక్క నాకు కుట్టు నేర్పింది. మనసు మంచిదే కానీ నోరు మహా పదును. ఒకసారి పెళ్లికూతురి పట్టు జాకెట్టుకు చేతుల ముక్కలు రెండూ ఒకే చేతికి సరిపడేలా కోసేశాను. కంగారులో అతుకు వేయబోతే అక్క కత్తెర లాక్కుంది.

"ఇంకింత కరాబ్ జేస్తవా? జర ఆగు."

"వాళ్లకేం జెప్పాలె అక్కా?"

"కోసింది నువ్వు. నువ్వే జెప్పు. నేను పక్కన నిలవడ్త."

ఆటో ఎక్కించి పెళ్లివారింటికి తీసుకెళ్లింది. నేను చెప్పాను, వాళ్లు తిట్టారు, నేను ఏడ్చాను. అక్క మధ్యలో ఒక్కసారీ కల్పించుకోలేదు, నా పక్క నుంచి కదలనూ లేదు. చేతులకు వేరే జరీ గుడ్డ వేసి తనే కుట్టిచ్చింది. పనిలోంచి తీసేస్తుందనుకున్నాను. "రేపు పొద్దుగాల్నే రా, హుక్కులు కుట్టేటివున్నయ్" అంది, అంతే.

నర్సరీ దాకా వెళ్లాను గానీ ఇసుక, మట్టి కుండీ మాత్రమే కొన్నాను. మొక్కను మందపాటి గుడ్డతో పట్టి పైకి లాగి, నల్లదనం పోయేదాకా కోశాను. పిడికెడు మిగిలింది. కోసిన చోటు ఆరాలని ఐదు రోజులు నీడలో ఉంచి, ఇసుక, ఇటుక ముక్కలు కలిపిన మట్టిలో నిలబెట్టాను. నీళ్లు పోయకుండా ఉండటం నాకు పెద్ద శిక్షే అయింది.

లత వచ్చింది. చాయ్ ఇవ్వకముందే చెప్పేశాను.

"నేనే నీళ్లు పోసి కుళ్లవెట్టిన బిడ్డా. గింతే మిగిలింది. బతుకుతదో లేదో తెల్వది."

లత కుండీ వంక చూసి పకపకా నవ్వింది. "అమ్మ గూడ రెండుసార్లు గిట్లనే కుళ్లవెట్టింది చిన్నమ్మా. నీకిచ్చింది గూడ గట్ల మిగిలిన ముక్కనే."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అక్క ఆ సంగతి నాతో ఎన్నడూ చెప్పలేదు.

మొక్కకు వేళ్లు వచ్చాయో లేదో ఇంకా తెలియదు. లాగి చూడాలనిపిస్తుంది, చూడను. తప్పు చేసిన రోజు మాత్రం ఎదుటివాళ్లకు నేనే ముందు చెబుతున్నాను. కొంచెం పక్కకు జరిగి, అక్కకు చోటిచ్చి నిలబడతాను.