పడవ మీద రాసిన గడువు

కొత్త ఎనామిల్ రంగు వాసనంటే నాకు ఈ వయసులో కూడా గుబులే. మొన్న మా అబ్బాయి నన్ను ఖరగ్‌పూర్‌లోని ఖరిదా బజారు వెనక పాత సామాన్ల కొట్టుకు వెంటబెట్టుకుపోయి, ఇటుకల మీద బోర్లించిన చిన్న అల్యూమినియం చేపల పడవను చూపించి మురిసిపోతుంటే, నేను పడవను చూడనే లేదు, దాని మీద నిగనిగలాడుతున్న నీలం రంగును చూశాను. "పాతదానికి కొత్త రంగెందుకేసినాడు?" అన్నాను. అన్నాక తెలిసింది, ఆ మాట నాది కాదు, మా నానమ్మ సారమ్మది.

నానమ్మ నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. ఎవరినైనా అనుమానించాల్సి వచ్చినప్పుడే చుట్ట బయటికి తీసేది, కాబట్టి అది ఎక్కువసేపు బయటే ఉండేది. పాలవాడి చెంబు, చేపలవాడి తక్కెడ, ఆదివారం ప్రార్థనలో పక్కింటావిడ కార్చే కన్నీళ్ళు, ఏదీ ఆవిడ పరీక్ష దాటేది కాదు. అలా ఊరికే తయారవలేదు లెండి. భీమిలి దగ్గర ఒక తెల్లవారుజామున తాత సముద్రం మీద చేపల వేటకు వెళ్ళి మరి రాలేదు. సంకలో పిల్లవాడితో, సముద్రం కనపడని ఊరు చాలని, రైల్వేలో పనిచేసే తమ్ముడి దగ్గరికి ఖరగ్‌పూర్ వచ్చేసింది. ఆ పిల్లవాడే మా నాన్న దానం, వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో రివెట్లు కొట్టే మనిషి. అలాంటి మనిషి పడవ కొంటానన్నాడు.

అప్పుడు మేం నిమ్‌పురా క్వార్టర్లలో ఉండేవాళ్ళం. వానలు వెనక్కి తగ్గి, కసాయి నది ఒడ్డున రెల్లు తెల్లగా పూసి, పూజా పందిళ్ళకు వెదుళ్ళు దిగుతున్న రోజులు. యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు మధ్య మేం పాత వాషర్లతో తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే, అమ్మ ఆవనూనెలో పుంటి చేపలు వేయించే ఘాటుకు వీధంతా తుమ్మేది. ఆ చేపలు తనే పట్టి తేవాలని నాన్న కోరిక. సుభాష్‌పల్లిలో ఒక బెంగాలీ దాదా మోకాళ్ళ నొప్పులని తన అల్యూమినియం పడవ అమ్మేస్తున్నాడని తెలిసి, నానమ్మనూ నన్నూ రిక్షా ఎక్కించాడు. నానమ్మను తీసుకువెళ్ళకుండా మా ఇంట్లో పిన్నీసు కూడా కొనేవారు కాదు.

పడవ లోపలా బయటా పచ్చగా మెరిసిపోతోంది. నానమ్మ చుట్ట తీసింది. "ఒరే దానం, రంగేసినాడంటే ఏటో దాసినాడు," అని, దాదా వైపు తిరిగి, సముద్రం ఒడ్డు మనుషులు పాత పడవ కొనేముందు తప్పకుండా అడిగే ప్రశ్న తన బెంగాలీలో అడిగింది. "ఎయ్ నౌకాయ్ కేవు మొరేఛే?" ఈ పడవలో ఎవరైనా చచ్చిపోయారా అని! దాదా మొహం పాలిపోయింది. "నా మాశీమా, కేవు నా," అన్నాడు. ఎవరూ లేరట. అంత తొందరగా చెప్పాడంటే అబద్ధమేనని నానమ్మ రిక్షాలో తేల్చేసింది.

అయినా పడవ వచ్చింది. మునగచెట్టు కింద ఇటుకల మీద పెట్టి, నీళ్ళలో వేయడానికి ముందు పడవలోనే నీళ్ళు నింపమంది నానమ్మ. అడుగున బయటివైపు పొడి బూడిద పూసి, పీట వేసుకుని కూర్చుంది. బూడిద తడిసిన చోటల్లా ఒక రివెట్టు కారుతున్నట్టు. లోపల అమ్మ ఇనప దిమ్మ అదిమి పట్టుకుంటే, బయట నాన్న ఆ రివెట్లన్నీ కొత్తవి కొట్టాడు. కూర్చోవడానికి మామిడి పలక, రెండు తెడ్లు, లంగరుకు తాడు, మునిగితే పట్టుకోవడానికి గాలి నింపిన లారీ ట్యూబు, అన్నీ అమిరాయి. దాదా వేసిన పచ్చరంగు గీకుతుంటే ముందు భాగంలో, లోపలివైపు, బెంగాలీ అక్షరాలు బయటపడ్డాయి. నాన్న చదివాడు: టుంపా.

"ఆడపిల్ల పేరు! ఓలమ్మో, ఆ గుంట ములిగిపోనాదిరా! నా మొగుణ్ణి నీటికిచ్చినాను. నిన్నియ్యను," అని నానమ్మ పడవ అంచు పట్టుకుని గొల్లుమంది. ఆవిడ ఏడవడం నేను చూడడం అదే మొదలు. నాకు భయమేసింది. నానమ్మ ఏడుపు తగ్గేదాకా పని చేసుకుందామనుకున్నాడో ఏమో, నాన్న పడవకు బయట రంగు మొదలుపెట్టాడు.

అక్కడే కొంప మునిగింది. వ్యాగన్ల మధ్య పెరిగిన చెయ్యి కదా, ఎర్రమట్టి రంగు వేసి, దాని మీద తెల్లటి అచ్చు అక్షరాలతో, వ్యాగన్లకు రాసినట్టే, మోసే బరువు, ఊరి పొట్టిపేరు, మళ్ళీ వర్క్‌షాపుకు తిరిగి రావాల్సిన తేదీ అని రాసి, తేదీకి చోటు ఖాళీ వదిలాడు. పడవ రేవుకు కాక యార్డుకు వెళ్ళేటట్టుంది. ఎవరు చాడీలు మోశారో గానీ, ఆదివారం ప్రార్థన నుంచి వచ్చేసరికి రైల్వే పోలీసు గుమ్మంలో ఉన్నాడు. "యే చద్దర్ కహా సే లాయా?" రేకు ఎక్కడిదని! మా ఊళ్ళో రైల్వేవాడి ఇంట్లో లోహం కనిపిస్తే అది రైల్వేదేనని లోకం నమ్మకం. ఉద్యోగం పోతే క్వార్టరూ పోతుంది. నిన్నటిదాకా మాతో ఆడిన పిల్లలు దూరంగా నిలబడి చూస్తున్నారు. పడవ అమ్మినవాణ్ణి పిలిపిస్తానన్నాడు నాన్న.

"ఆ దొంగ వస్తాడేటి?" అంది నానమ్మ.

వచ్చాడు. స్కూటరు వెనక రెండు జడల పిల్ల. దాదా పోలీసుతో మాట్లాడుతుండగానే ఆ పిల్ల పడవలోకి వంగి, "ఎయ్ తో ఆమార్ నామ్!" అని భోరుమంది. నా పేరు ఇదిగో అని. కూతురు పడవ అమ్మనివ్వదని, పేరు మీద రంగేసి, ఇది మనది కాదు, వేరేవాళ్ళ పడవని ఆ తండ్రి నమ్మించాడట. నానమ్మ చుట్ట పారేసి, టుంపా రెండు బుగ్గలూ పిండి చూసింది. వెచ్చగానే ఉన్నాయి కాబోలు, "బతికే ఉన్నాది," అని మా అందరికీ చెప్పి, ఆ పిల్లను గుండెకు హత్తుకుంది.

పోలీసు ఆ పేరు చూసి నమ్మి, బయటి వ్యాగన్ అక్షరాలు చెరిపేయమని చెప్పి వెళ్ళిపోయాడు. నాన్న గీకుతుంటే నానమ్మ పక్కన కూర్చుంది. "ఆ కిందదేటిరా?"

"తిరిగొచ్చే తారీకమ్మా. వ్యాగనుకు ఉంటాది."

నానమ్మ నాన్న చెయ్యి పట్టుకుని ఆపింది. "అది సెరపకు. తారీకొద్దు. పొద్దుగూకేలోగా అని రాయి. తెలుగులో రాయి."

రాశాడు. చదవడం రాని నానమ్మ ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి ఏది ఏమిటో చెప్పించుకుంది, నాన్ననైనా నమ్మదు మరి. ఆ తరవాత సెలవురోజుల్లో నాన్న కసాయిలో వల వేస్తుంటే, తాత పోయాక నీటి మొహం చూడని మనిషి ఒడ్డున చుట్టతో కూర్చునేది. పొద్దు గూకాక నాన్న ఏనాడూ నీటి మీద లేడు. చివరికి ఇంట్లో, మంచం మీద, మా అందరి మధ్య పోయాడు.

మునగచెట్టు లేదు, ఆ క్వార్టర్లు లేవు, పడవ ఏ తుక్కులో కలిసిందో తెలియదు. మా అబ్బాయి నీలం పడవ కొననే కొన్నాడు. నీళ్ళు నింపించి, బూడిద పూసి చూసుకున్నాను, కారలేదు. నాకింకా అనుమానమే. కుంచె అడిగి తీసుకుని పడవ పక్కభాగాన రాశాను. వాడు అటూ ఇటూ తిరిగి చూశాడు. బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు చదువుకున్న పిల్లవాడు, తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు.

"ఏటి రాసినావమ్మా?" అన్నాడు.

వాడి వేలు పట్టుకుని, తడి రంగుకు అంటకుండా ఒక్కొక్క అక్షరం మీదుగా నడిపిస్తూ, పొద్దుగూకేలోగా అని చదివించాను.