మెరుగు పెట్టిన రైఫిల్

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి వసంతంలో నేను ఇంగ్లండులో రీడింగ్ అనే ఊరి దగ్గరి ఒక వేలం సంస్థలో సైనిక ఆయుధాల విభాగానికి సీనియర్ స్పెషలిస్టుగా ఉన్నాను. అంతకు చాలా ఏళ్ల ముందు భారత సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే పటాలం తుపాకులను విప్పి, బాగుచేసి, మళ్లీ సిపాయిల చేతికిచ్చే పనిలో ఉండేవాణ్ని. నా భార్య సుగుణకు ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు ఉద్యోగం రావడంతో విజయనగరం విడిచి వచ్చాం. పాత సర్వీసు రైఫిళ్లను పరీక్షించి, అవి ఏమిటో, ఏ స్థితిలో ఉన్నాయో క్యాటలాగ్‌కు రాసివ్వడం నా బాధ్యత. నా పైన విభాగాధిపతి సైమన్. నాకన్నా ఇరవై ఏళ్లు చిన్న. అమ్మడం బాగా తెలుసు, అమ్మే వస్తువు గురించి అంతగా తెలియదు.

ఆ ఏప్రిల్‌లో మార్గరెట్ అనే ఎనభై దాటిన ఆవిడ ఒక రైఫిల్ తెచ్చారు. త్రీ నాట్ త్రీ. మన పోలీసులు ఏళ్ల తరబడి భుజాన మోసినదే. ఆమె తండ్రి బర్మా యుద్ధంలో ఒక భారతీయ పటాలానికి అధికారిగా పనిచేశారు. తొడకు గుండు తగిలి పడిపోతే, ఒక సిపాయి ఆయన్ను వీపున వేసుకుని వాగు దాటించాడట. మర్నాడే ఆ సిపాయి చనిపోయాడు. అతని రైఫిల్‌ను ఆయన ఎలాగో సంపాదించి తనతో ఇంగ్లండు తెచ్చుకున్నారు. ఆ మనిషి పేరేమిటని కూతురు అడిగితే, "దానిమీదే ఉంది" అని ఊరుకునేవారట.

మా పరీక్షకు ఒక వరస ఉంటుంది. ముందు నంబర్లు. రైఫిల్ బాడీ మీద, తూటాను గొట్టంలోకి తోసే బోల్ట్ పిడి మీద ఒకే నంబరు ఉంటే భాగాలు మారలేదని అర్థం. దీనికి ఒకే నంబరు ఉంది. తరువాత చెక్క. బట్‌ను, అంటే భుజానికి ఆనించే చెక్కను, తిరగేసి దీపం పక్కకు వాల్చి పట్టాను. పట్టీ తగిలించే రింగు పక్కన, ఏదో మొనతో గీసిన అక్షరాలు కనిపించాయి. తెలుగు అక్షరాలు. "బొ. అప్పన్న."

సర్కారు తుపాకీ మీద గీత పెడితే సిపాయికి శిక్ష తప్పదు. అందుకే తనిఖీలో కన్నుపడని చోటు వెతుక్కుని గీసుకున్నాడు. పైకి చదివాను. మార్గరెట్ మళ్లీ చెప్పమన్నారు. తాను కూడా రెండు మూడుసార్లు పలికి చూసుకున్నారు.

"నాన్న ఇక్కడే బొటనవేలితో తడుముతూ కూర్చునేవారు. నేను ఉత్త గీతలనుకున్నాను," అన్నారు.

తాను చిన్న ఫ్లాట్‌కు మారుతున్నానని, ఈ పేరు విలువ తెలిసినవాళ్లకే రైఫిల్ చేరాలని చెప్పారు. నేను ఫోటోలు తీసి, కండిషన్ రిపోర్టులో ఆ పేరు, అది ఉన్నచోటు వివరంగా రాశాను.

ఆ రైఫిల్ పేలదు. దాన్ని ఎప్పుడో నిర్వీర్యం చేసి గొట్టం మూసేశారు. అయితే చట్టం మారాక, పాత పద్ధతిలో మూసినవాటిని కొత్త ప్రమాణం ప్రకారం మళ్లీ మూయించి, సర్టిఫికెట్ తెచ్చుకుంటే గాని అమ్మడానికి లేదు. కనుక తుపాకుల పనిచేసే గన్‌స్మిత్ దగ్గరికి పంపాలి. అతనికిచ్చే పని కాగితంలో, అంటే జాబ్ షీట్‌లో, ఏ భాగాలు మూయాలో, ఎక్కడ వెల్డింగ్ చేయాలో రాసి నేనే సంతకం చేశాను.

మూడు వారాలకు తిరిగొచ్చింది. పెట్టె తెరవగానే చెక్కకు మెరుగు పెట్టే లిన్సీడ్ నూనె, అదే అవిసె నూనె, వాసన. చెక్క కొత్త కుర్చీలా మెరుస్తోంది. బట్ కింద వేలు పెట్టాను. నున్నగా ఉంది. అప్పన్న లేడు.

గన్‌స్మిత్‌కు ఫోన్ చేశాను. పదేళ్ల పరిచయం, అబద్ధమాడే మనిషి కాదు. "చెక్క కూడా సాండ్‌పేపర్ పట్టి శుభ్రం చేయమని సైమన్ ఫోన్ చేశాడు. మీ షీట్‌లో వద్దని లేదు కదా," అన్నాడు. లేదు. నిజమే.

సైమన్ గదిలోకి వెళ్లాను. "గీతలేగా? డ్యామేజీ. మెరుస్తుంటే వేలంలో చెయ్యెత్తేవాళ్లు పెరుగుతారు," అన్నాడు. నా రిపోర్టు అతను చివరిదాకా చదవనేలేదు. ఫోటో తీసి ముందు పెట్టాను. కాసేపు చూశాడు. సిగ్గుపడతాడనుకున్నాను.

"ఫోటో ఉందిగా. నీకు ఆ లిపి వచ్చు. కాగితం మీద రాసివ్వు, గన్‌స్మిత్ మళ్లీ చెక్కుతాడు. క్యాటలాగ్ మార్చక్కర్లేదు. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

నా ఉద్యోగంలో దొంగ ముద్రలు, మార్చిన నంబర్లు, సాదా రైఫిల్‌కు టెలిస్కోపు బిగించి స్నైపర్ రైఫిల్ అని తెచ్చినవాళ్లు, అందరినీ చూశాను. వాళ్లను పట్టుకోవడానికే నాకు జీతం. అలాంటి నన్ను పిలిచి, నా భాషలోనే, చచ్చిపోయిన సిపాయి చేతిరాతను ఫోర్జరీ చేయమంటున్నాడు. గట్టిగానే అరిచాను. "ఇది ఆఫీసు, గొంతు తగ్గించు. శుక్రవారం దాకా ఆలోచించుకో," అన్నాడు.

సాయంత్రం సుగుణతో చెప్పాను. అంతా విని, "కొంపదీసి రాసిచ్చీసారా ఏటి?" అంది.

"లేదు."

"మరి ఆవిడకి చెప్పేరా? ఆయన్తో దెబ్బలాటెందుకు, ఆ వస్తువు ఆవిడది కదా."

రోజంతా కోపంతో ఊగిపోయాను గాని, ఆ సంగతి నాకు తట్టలేదు. వస్తువుకు నష్టం జరిగితే విభాగాధిపతి అనుమతి లేకుండా క్లయింట్‌తో మాట్లాడకూడదన్నది మా నియమం. అయినా మర్నాడు పొద్దున్నే మార్గరెట్‌కు ఫోన్ చేశాను.

ఆమె టాక్సీలో వచ్చారు. బట్ కింద బొటనవేలు ఆనించి, అటూ ఇటూ జరిపి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఎవరు చేయించారో చెప్పాను. చెక్క ముట్టొద్దని షీట్‌లో రాయకపోవడం నా తప్పేనని కూడా చెప్పాను. ఇంతలో సైమన్ వచ్చి క్షమాపణలు చెప్పి, అక్షరాలు తిరిగి చెక్కించవచ్చన్నాడు.

"అవి అప్పన్న రాసుకున్నవి. మీరు చెక్కిస్తే అవి మీ అక్షరాలవుతాయి," అన్నారామె. అక్కడికక్కడే రైఫిల్‌ను వేలం నుంచి ఉపసంహరించుకుంటున్నట్లు సంతకం చేసి, నా ఫోటోల ప్రతులు అడిగి తీసుకుని వెళ్లారు.

నియమం తప్పినందుకు నాకు లిఖితపూర్వక హెచ్చరిక వచ్చింది. సైమన్‌కు ఏమీ రాలేదు. ఆ అన్యాయం ఇప్పటికీ నాకు మింగుడుపడదు. కొన్ని నెలల తరువాత మార్గరెట్ ఉత్తరం రాశారు. ఒక చిన్న సైనిక మ్యూజియం రైఫిల్‌ను, ఫోటోలను, నా రిపోర్టును కలిపి తీసుకుందట. అప్పన్న పేరు ఉండేదని, అమ్మకం కోసం దాన్ని చెరిపేశారని పక్కన రాసిపెట్టాలని ఆమె పట్టుబట్టారట. రాసిపెట్టారు.

పరీక్షకుడు వస్తువును గది దాటించేటప్పుడు ఏం చేయాలో రాస్తే సరిపోదు. ఏది ముట్టకూడదో కూడా రాయాలి. ముట్టమని చెప్పే అధికారం ఎవరికీ లేదని కూడా రాయాలి. ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రతి జాబ్ షీట్‌నూ ఆ రెండు వాక్యాలతోనే మొదలుపెట్టాను.