కౌగిలికి అందని చింతమాను

మా డ్రిల్లు అయివారు పోయారని చిత్తూరు నుంచి వచ్చిన బస్సు కండక్టరు నగరిలో నాకు చెప్పాడు. బడికి సెలవు చీటీ కూడా పంపకుండా తిరుగు బస్సెక్కాను. ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. ఆయన మీద కాదు. ఎవరి మీదో చెబుతాను.

నేను నగరికి బదిలీ కాకముందు ఆయనా నేనూ చిత్తూరులో పలమనేరు రోడ్డు మీది బడిలో ఏళ్ల తరబడి పనిచేశాం. నేను ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేదాన్ని. తోడబుట్టిన అన్న లేడు నాకు, ఆయన్నే అన్నా అని పిలిచేదాన్ని. బడి ముందు రోడ్డు పక్కన పాత చింతమాను ఉండేది. ఆయన డ్రిల్లు క్లాసంతా దాని నీడలోనే. క్యాన్వాసు బూట్లకు పూయగా మిగిలిన సుద్దనీళ్లు పారబోయకుండా ఆ మాను మొదలుకు పూసేవారు.

"దానికీ యూనిఫారం ఉండాల గదమ్మా" అని నవ్వేవారు.

అల్లరి పిల్లల్ని కొట్టేవారు కాదు. మాను పక్కన ఊరికే నిలబెట్టి, "నిలబడేది కూడా పనే రా, దాన్ని సూసి నేర్చుకోండి" అనేవారు.

ఊళ్లో పాత మాన్లను ఇష్టమొచ్చినట్టు కొట్టేస్తున్నారని మున్సిపాలిటీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది ఆయనే. మాను కింద రాయి పెట్టి పసుపు కుంకుమ పూస్తే ఎవరూ ముట్టుకోరని చాలామంది సలహా ఇచ్చారు. ఆయన వింటేనా.

"సామి పేరు సెప్పి బెదిరిచ్చేది ఎందుకబ్బా? మనుషులు ఒక మాట అనుకుంటే దానికి నిలబడరా?"

చివరికి కౌన్సిల్లో అందరూ చేతులెత్తి రూలు పెట్టారు. ఒక మనిషి కౌగిలించుకుంటే వేళ్లు కలవనంత లావున్న మానును ఎవరూ కొట్టకూడదు. ఆ కొలత ఆయన చెప్పిందే. నాకు నవ్వొచ్చింది.

"జాకెట్టుకే టేపు పెడతామే అన్నా, మానుకు కౌగిలేంది?"

"టేపు అందరి దగ్గరా యాడుంటాదమ్మా? చేతులైతే అందరికీ ఉండాయి."

కొన్నేళ్లు ఆ రూలు నిలిచింది. గొడ్డలి వచ్చిందని తెలిస్తే కూరగాయలమ్మే ఆడవాళ్లో, సైకిలు షాపు సాయిబో పోయి మానును కౌగిలించుకునేవారు. వేళ్లు కలిసేవి కావు. గొడ్డలి వెనక్కి పోయేది.

తర్వాత రోడ్డు వెడల్పు చేసే పని వచ్చింది. బడి ముందు చింతమాను అడ్డమన్నారు. కాంట్రాక్టరు రూలును కాదనలేదు. "మనిషి అన్నారు గానీ ఏ మనిషో అన్లేదు గదప్పా" అంటూ ఒకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. వాడు అయివారి శిష్యుడే, జిల్లా జట్టులో వాలీబాల్ ఆడిన పొడుగువాడు. అమ్మానాన్నా పోతే అయివారే ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టి పెంచారు. రోడ్డు పనిలో మేస్త్రీ ఉద్యోగం ఇప్పిస్తానని కాంట్రాక్టరు ఆశ పెట్టాడట.

వాడు అయివారి ముఖం చూడకుండా మానుకు ఛాతీ ఆనించాడు. బెరడుకు చెంప గీరుకుపోతున్నా చేతులు ఇంకా ఇంకా సాచాడు. వేళ్ల కొసలు తగిలాయి.

"మీరే సూసి సెప్పండి అయివారూ, మీ రూలే గదా" అన్నాడు కాంట్రాక్టరు.

ఆయన "కలవలేదు" అనుంటే ఆ రోజు ఊరు ఊరంతా ఆయన వెనకే నిలబడేది. ఆయన మాను చుట్టూ తిరిగి వంగి చూశారు.

"కలిసినాయి" అన్నారు.

సాయంత్రానికి మాను నేలకూలింది. చేతులెత్తిన కౌన్సిలర్లలో ఒక్కరూ అటు తొంగి చూడలేదు. ఒక్క అబద్ధం ఆడుంటే ఏం పోయేదని ఆయనతో పోట్లాడాను.

"నేనే మాట తప్పితే ఇంక మాటకు విలువ యాడుంటాదమ్మా?" అన్నారు.

వాణ్ణి పల్లెత్తు మాట అనలేదు. వాడు మళ్లీ ఆ గడప తొక్కలేదు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. ఆయన క్షమించారేమో, నేను క్షమించలేదు.

నేను బస్సు దిగేసరికి పాడె బడి ముందుకొచ్చింది. దారి మధ్యలో పాడె దించి, ప్రాణముంటే పలుకుతారేమోనని చెవిలో మూడుసార్లు పిలవడం మా వైపు ఆచారం. నెత్తి మాడే ఎండలో తారురోడ్డు మీదే దించారు. ఆయనకు కొడుకుల్లేరు. ఎవరు పిలవాలా అని చూస్తుంటే జనం వెనక నుంచి వాడు ముందుకొచ్చాడు. నాకు ఒళ్లు మండింది. అడ్డం పోదామనుకునే లోపే పాడె దగ్గరికి చేరాడు.

వాడు మోకాళ్ల మీద కూర్చుని చెవి దగ్గర నోరు పెట్టాడు.

"అయివారూ" అన్నాడు. "అయివారూ." ఆ తర్వాత, "నాయనా."

పాడె ఎత్తాలి లెమ్మని అందరూ తొందరపెడుతున్నారు. వాడు లేవలేదు. ఇంకా ఏదో వినాల్సింది ఉన్నట్టు, ఆయన నోటి దగ్గర చెవి పెట్టి అలాగే ఉండిపోయాడు.