గాజుల ఖాలా నేర్పిన లెక్క

మా పక్క దుకాణం గాజుల ఖాలా పోయిన శుక్రవారం కన్నుమూసింది. "అమ్మీ నిద్రల్నే పోయింది అక్కా," అని పొద్దున్నే ఆమె కోడలు ఫోన్ చేసింది. సగం ఎత్తిన షట్టర్ మళ్ళీ దించి వాళ్ళింటికి వెళ్ళాను.

జమ్మికుంటలో మార్కెట్ యార్డుకు పోయే తోవలో మా రెండు దుకాణాలకూ మధ్య ఒకటే గోడ. ఆమెవి గాజులు, నావి జాకెట్ గుడ్డలు. ఆ బజారులో ఆమెను పేరుతో పిలిచినవాళ్ళను నేనెరుగను. హిందువులకైనా, ముస్లింలకైనా ఖాలాయే. అంటే చిన్నమ్మ.

మా ఆయన దుబాయిలో ఎండకు మాడి పంపిన పైసలతో ఏడేళ్ళ కింద నేను దుకాణం పెట్టాను. పత్తి అమ్మే రోజులు కావడంతో గిరాకీ బాగుండేది. యాభైకి తెచ్చిన ముక్క అరవైకి అమ్మి, పది మిగిలిందని మురిసిపోయేదాన్ని. మూడో నెలకు సరుకు తేవడానికి గల్లాలో పైసలు లేవు. దొంగ పడ్డాడనుకుని తాళం మార్చాను. అయినా అంతే. మా ఆయనకు ఏం చెప్పాలో తెలియక ఖాలా ముందు ఏడ్చాను.

"దొంగ ఎవరో నాకెరుకే. కూసో," అంది. "పోయినసారి ఎంత సరుకు తెచ్చినవ్?"

"నలభై ముక్కలు. రెండువేలైనయ్."

వందకొకటి చొప్పున ఇరవై ఎర్ర గాజులు బల్ల మీద పేర్చింది.

"ఎన్ని అమ్మినవ్?"

"ముప్పై ఐదు. ఐదు ఎండకు రంగువోయినయ్."

అరవై చొప్పున రెండువేల వంద. పక్కన ఇరవై ఒక్క పచ్చ గాజులు పెట్టింది.

"ఒకటి ఎక్కువనే ఉంది గద ఖాలా."

"జర ఆగు. కరీంనగర్ పోయిరానీకి బస్సుకు, ఆటోకు?"

"రెండొందలు."

ఎర్రవాటిలో ఇంకో రెండు కలిపింది. ఇరవై రెండు ఎర్రవి, ఇరవై ఒకటి పచ్చవి. నేను మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను.

"ఇంక కిరాయి ఎయ్యలే, కరెంటు ఎయ్యలే. నీ కూలి ఎయ్యలే."

"నా దుకాణంల నాకు కూలేంది?"

"పొద్దుందాక కూసుంటున్నవ్ గద. నీ పొద్దు ఉత్తగ వచ్చిందా? పత్తి ఏరబోతె ఇయ్యరా?"

అప్పటిదాకా నా రోజుకు ఒక వెల ఉందని ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు.

దుకాణం ఎత్తేస్తానన్నాను. "నష్టం తెలిసినోళ్ళు మునగరు బిడ్డా. తెల్వనోళ్ళే మునుగుతరు," అంది. గుడ్డలను ఎండ తగలని గోడకు మార్పించింది. సరుకుకు వారం వారం పోయేదాన్ని నెలకోసారి పొమ్మంది. ధర డెబ్బై ఐదు చేయించింది. ఆ ఏడాది చివర మా ఆయనకు, ఈ నెల పైసలు పంపకున్నా నడుస్తదని చెప్పగలిగాను.

ఒకసారి ఒక తల్లి బిడ్డ సీమంతానికి గాజులు కొనబోతే పైసలు చాలలేదు. ఖాలా కొన్న ధరకంటే తక్కువకే ఇచ్చింది.

"గిది నష్టం కాదా?" అన్నాను.

"నష్టమే. నష్టమనే రాస్కోవాలె. పుణ్యమని రాస్తె లెక్క చెడుతది," అని నిజంగానే పుస్తకంలో అట్లాగే రాసింది.

మొన్న బుధవారం కోడలు దుకాణం తెరిచింది. పత్తి బండి మీద వచ్చిన ఒక ముసలామె ఖాలా ఏదని అడిగింది. కోడలు చెప్పింది. ఆమె చాలాసేపు అరుగు మీదే కూర్చుంది. తర్వాత లోపలికి వచ్చి, కాయలు కాసిన చెయ్యి చాచింది. కోడలి కొత్త చేతులకు పట్టు చిక్కలేదు, మొదటి గాజు చిట్లింది. కోడలు బెదిరి చూసింది.

"మెల్లగ ఎయ్యి బిడ్డా," అంది ముసలామె, చాచిన చెయ్యి అట్లాగే ఉంచి. "నాకేం తొందర లేదు."