దాచుకున్న కన్ను

టార్చి బాబాయి మెలకువగా ఉన్నంతసేపూ ఒక కన్ను మూసుకునే ఉంటాడు. వెలుతురులో ఎడమది, చీకట్లో కుడిది. సినిమా హాల్లో సీట్లు చూపించే ఉద్యోగం ఆయనది. తలుపు దాటగానే రెండు కళ్ళూ డ్యూటీ మార్చుకుంటాయి. నడుముకి వేలాడే టార్చి మాత్రం ఏనాడూ వెలిగిన పాపాన పోలేదు.

గుమ్మంలో టికెట్లు చింపుతూ ఒక కన్ను మూసే మనిషిని చూసి లోకం ఏమనుకుంటుంది? ఒక పెద్దమనిషి ఇదేదో లోపాయికారీ వ్యవహారమనుకుని, టికెట్ జేబులో దాచేసి తనూ కన్ను కొట్టాడు. ఒక కొత్త పెళ్ళికొడుకు తన భార్యకే కన్ను కొట్టాడనుకుని చొక్కా చేతులు మడిచాడు. ఇంట్లో పిన్ని అయితే, "ముప్పై ఏళ్ళ కాపురంలో ఈయన నన్ను సగమే చూశాడమ్మా. మిగతా సగం మీద ఆశ వదిలేశాను" అంటుంది.

కొత్త మేనేజరు వచ్చిన మూడో రోజే ఆసుపత్రి నర్సమ్మ దగ్గర్నుంచి ఫిర్యాదు అందింది. 'మీ గేటు మనిషి నన్ను చూసినప్పుడల్లా కన్ను కొడుతున్నాడు. ఉద్యోగంలోంచి తీసేయండి.' మేనేజరు బాబాయిని పిలిచాడు.

"ఈ వయసులో కన్ను కొట్టడమేంటయ్యా?"

"కొట్టట్లేదు సార్. దాచుకుంటున్నాను."

"కన్ను దాచుకోవడమేంటి!"

"ఎండలోంచి చీకట్లోకొస్తే కన్ను కుదుటపడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది సార్. నేనేమో ఆటకి నలభై సార్లు లోపలికీ బయటికీ తిరగాలి. అందుకే ఒకదాన్ని ఎప్పుడూ చీకట్లోనే ఉంచుతా."

"మరి టార్చి ఇచ్చాం కదా?"

"అది వేస్తే నాకు దారి కనపడుతుంది, కూర్చున్నవాళ్ళ కళ్ళు చెడతాయి."

మేనేజరుకి నమ్మకం కుదరలేదు గానీ కుతూహలం మాత్రం దురదలా పట్టుకుంది. "రేపు మ్యాట్నీకి నేనూ మూసి చూస్తా. అబద్ధమని తేలిందా, ఎల్లుండి నుంచి రావద్దు" అన్నాడు.

మర్నాడు ఇరవై నిమిషాలు ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని నిలబడి, ఆట మధ్యలో లోపలికెళ్ళి తెరిచాడు. కుడి కంటికి అంతా కాటుక. ఎడమ కంటికి మాత్రం మెట్లు, వరసలు, చివరికి జనాల మోకాళ్ళు కూడా! రంగులే లేవు. ఊరంతా ఒకే బూడిదరంగు తానులోంచి బట్టలు కుట్టించుకున్నట్టుంది.

"ఆ చివరి సీటు చూడండి సార్" అని గుసగుసలాడాడు బాబాయి.

"ఖాళీయే కదా?"

"తిన్నగా చూడకండి. చీకట్లో తిన్నగా చూసింది మాయమైపోతుంది. కాస్త పక్కకి చూడండి."

మేనేజరు పక్క సీటుకేసి చూశాడు. అప్పుడు చివరి సీటులో మనిషి తేలింది. నర్సమ్మ! నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది.

"రాత్రంతా డ్యూటీ. ఇంటి పక్కనేమో వడ్రంగి దుకాణం. ఈ మూడు గంటలే నిద్ర, పాపం. టార్చి పడితే లేచిపోతుంది" అంటూనే బాబాయి, ఆలస్యంగా వచ్చిన నలుగురిని చుట్టూ తిప్పి అవతలి దారిన తీసుకెళ్ళాడు. తిరిగొస్తూ, కిందికి జారిన ఆమె చేతిసంచి తీసి పక్క సీటులో పెట్టాడు.

"నిద్ర చెడకుండా కన్ను దాచుకుంటున్నానని ఆమెకి చెప్పొచ్చుగా?"

"చెబితే మొహమాటపడి రావడం మానేస్తుంది సార్."

తన చేత్తో ఈ మనిషిని పంపించేయబోయినందుకు మేనేజరుకి సిగ్గేసింది.

ఆట అయ్యాక నర్సమ్మ కళ్ళు నులుముకుంటూ మేనేజరు గదిలోకి వచ్చింది. "నా ఫిర్యాదు ఏంచేశారు?"

"ఇకనుంచి మీ టికెట్ నేనే చింపుతానమ్మా" అన్నాడు మేనేజరు. తరవాతి ఆట కోసం ఆయన అప్పటికే ఎడమ కన్ను మూసుకుని ఉన్నాడు.

నర్సమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"వద్దులెండి! ఆ పెద్దాయనే నయం. ఆయన్నే ఉంచండి."