బోర్డు మీద తాతయ్య బిళ్ళ

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. చిన్నప్పుడు మీకు అన్నం తినిపించడానికి కూడా బూచోడి పేరు ఎత్తలేదు. బెంగుళూరులో, పుణేలో కూర్చుని ఇది చదువుతూ నానమ్మకు మతి తప్పిందనుకోకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇన్ని నెలలైనా నాకు కోపం తగ్గలేదు, అందుకే చెబుతున్నాను.

మీ అత్త కూతురు శిరీష మెకానికల్ డిప్లొమా చదువుతోంది కదా. అందులో ఒక ఏడాది ఫ్యాక్టరీలో పని నేర్చుకోవాలి. ఫ్యాక్టరీ వాళ్ళు సంతకం పెడితేనే పాసైనట్టు. దానికి మన గురజాల వైపే ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో చోటు దొరికింది. పేరెందుకులే. మీ తాతయ్య ఫిట్టరుగా పనిచేసింది అందులోనే. పిల్ల నా దగ్గరే ఉండి పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సెక్కి వెళ్ళేది.

తాతయ్య ఫోటో కింద మేకుకు వేలాడే ఇత్తడి బిళ్ళ మీకు గుర్తుండే ఉంటుంది. దాని మీద నంబరు, అంచున ఒక గంటు. ఎవరైనా యంత్రం లోపలికి దిగాలంటే, ముందు తన బిళ్ళను స్విచ్చుల గదిలోని బోర్డుకు తగిలించాలి. బిళ్ళ వేలాడుతోందంటే లోపల మనిషి ఉన్నట్టు. తగిలించినవాడే వచ్చి తీసుకోవాలి, మేనేజరు అరిచినా ఇంకొకరు ముట్టకూడదు. తన బిళ్ళంటే తాతయ్యకు ఎంత ప్రాణమంటే, రిటైరైన రోజు తిరిగివ్వకుండా జేబులో వేసుకుని ఇంటికొచ్చేశారు.

శిరీష చేరిన కొత్తలో అడిగాను. "నీకు బిళ్ళ ఇచ్చారా అమ్మాయ్?"

"ట్రైనీలకు ఇవ్వరంట అమ్మమ్మా. ఏడాదుండి పొయ్యేవాళ్ళకు ఎందుకంట."

"మరి లోపలికి దిగమంటే?"

"మమ్మల్నెందుకు దింపుతారు? మాకిచ్చింది చీపురే" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. పని నేర్పుతామని తీసుకెళ్ళి నెలల తరబడి దుమ్ము ఊడిపించారు. కాలేజీ సారు ఒకసారి వచ్చి, ఫోటో దిగి, టీ తాగి వెళ్ళాడు.

వానలు గట్టిగా పడుతున్న రోజుల్లో ఒక పొద్దున, పిల్ల బస్సెక్కి వెళ్ళాక, ఫోటో తుడిచాను. బిళ్ళ నల్లబడిందని విప్పి చింతపండుతో తోమి, మళ్ళీ దారానికి ముడేసి మేకుకు తగిలించాను. శిరీష వెళ్ళిన తర్వాతే ఇదంతా చేశాను, బాగా గుర్తుపెట్టుకోండి. ఆ రోజు నేను గడప దాటలేదు. మా ఇంటికి ఎవరూ రాలేదు.

మధ్యాహ్నం దాటాక బండి మీద ఎవరో శిరీషను దింపారు. ఒళ్ళంతా బురద, మోచేతులు దోక్కుపోయి ఉన్నాయి. ఏమైందని నేను అడిగేలోపే గుప్పిట తెరిచింది.

"తాతయ్య బిళ్ళ నువ్వు పంపించావా అమ్మమ్మా?"

తిరిగి చూశాను. మేకుకు దారం వేలాడుతోంది. నేను వేసిన ముడి వేసినట్టే ఉంది. దారం తెగలేదు. బిళ్ళ లేదు.

పిల్లను దింపినతను సైదులు. తాతయ్య రిటైరయ్యాక చేరిన ఆపరేటరు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, జరిగింది అతనే చెప్పాడు.

వానకు తడిసిన రాయి, మట్టి కలిసి, రాళ్ళు నలగ్గొట్టే క్రషరు పైన గొట్టంలో ఇరుక్కున్నాయట. మనిషి దిగి పొడవాలి. సూపర్‌వైజరు శిరీషను పిలిచి, "సన్నగా ఉన్నావు, నువ్వైతే దూరతావు, దిగు" అన్నాడట. సంతకం పెట్టాల్సింది అతనే. పిల్ల కాదనలేక దిగింది. బోర్డుకు తగిలించడానికి దానికి బిళ్ళ లేదు. దించినవాడు పిల్ల లోపలున్న సంగతి మరిచి భోజనానికి వెళ్ళాడు. అక్కడి నుంచే సైదులుకు ఫోను చేసి, "ఎవరూ లేరు, మిషనెయ్" అన్నాడు.

"చెయ్యి స్విచ్చు మీదే ఉంది పెద్దమ్మా" అన్నాడు సైదులు. "పక్కన చూస్తే బోర్డుకు బిళ్ళ. మా బిళ్ళలన్నీ ప్లాస్టిక్‌వి, ఇదేమో ఇత్తడిది, తళతళా మెరుస్తా ఉంది. అంతకుముందు ఆడ లేదు, నేను గది దాటి పోలేదు. ఎవరిదైతే ఏంది, బిళ్ళుంటే మిషనెయ్యకూడదు. మనిషెవరో చూద్దామని ఎతుక్కుంటా పోతే, గొట్టంలోంచి ఈ పిల్ల దగ్గు వినపడింది."

గంటు మీద వేలు పెట్టి చూశాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే చింతపండు వాసన.

మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్ళాను. శిరీష వద్దంది. "గొడవైతే సంతకం పెట్టడు, ఏడాదంతా పోద్ది అమ్మమ్మా" అని ఏడ్చింది. "ఏడాది పోతే మళ్ళీ వస్తుంది" అన్నాను.

సూపర్‌వైజరు కుర్చీలోంచి లేవలేదు. "ఏం కాలేదుగా పెద్దమ్మా, పిల్ల నిక్షేపంగా ఉంది. ఆ పాత బిళ్ళ మాత్రం ఇచ్చెయ్, అది ఫ్యాక్టరీది" అన్నాడు.

నేను గట్టిగా మాట్లాడి మీరెప్పుడూ వినలేదు. ఆ రోజు కూడా గొంతు పెంచలేదు. "నా పిల్లకు నీ చేత్తో ఒక బిళ్ళ ఇవ్వు నాయనా, తర్వాత ఇది అడుగు. పని చేయించుకోవడానికి మనిషైంది, లెక్కలోకి తీసుకోవడానికి కాకుండా పోయిందా?" అన్నాను.

గుమ్మంలో నిలబడ్డ సైదులు, "ట్రైనీలకు బిళ్ళలిచ్చేదాకా నేను మిషనెయ్యను సార్" అన్నాడు. వెనకున్నవాళ్ళు కూడా ఊ అన్నారు. ఆ వారంలోనే ట్రైనీలందరికీ ప్లాస్టిక్ బిళ్ళలు వచ్చాయి. శిరీష తనది మెడలో వేసుకుని ఏడాది పూర్తి చేసింది. సంతకం కూడా పడింది. క్షమించమన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

తాతయ్య బిళ్ళను అదే దారానికి కట్టి మేకుకు తగిలించాను. ఎన్నిసార్లు ఆలోచించినా అక్కడికెలా వెళ్ళిందో నాకు అంతుపట్టలేదు. శిరీష తీసుకెళ్ళలేదు, నేను పంపలేదు, సైదులుకు అబద్ధమాడే అవసరం లేదు. ఎవరైనా చదువుకున్నవాళ్ళు చెబితే వింటాను.

చనిపోయినాయన వచ్చి తగిలించారో లేదో నాకు తెలియదు. బతికున్నవాళ్ళెవరూ తగిలించలేదన్నది మాత్రం తెలుసు.